పక్కచేతి వేడి

చెయ్యి ఉంది. ఉన్న సంగతి చేతికి తెలియదు.

కాకినాడలోని ప్రయోగశాలలో, తెల్లని బల్ల మీద, వీరవేణి తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి పెట్టింది. నిద్రపోయిన పసిబిడ్డను పక్క మార్చేటప్పుడు ఎంత మెలకువ ఉంటుందో అంత మెలకువతో పెట్టింది. డాక్టర్ సువర్చల ఆ చేతికీ ఆమె కళ్ళకూ నడుమ ఒక గుడ్డతెర దించి, తెర వెనుక అరచేతిలో ఏదో ఉంచి, అదేమిటో చెప్పమంది. వేణి కళ్ళు మూసుకుంది. ఏటి అవతలి ఒడ్డున ఎవరో కేకవేస్తే, కేక వినబడి మాట వినబడనట్టు, ఎక్కడో ఏదో కదిలింది. అంతే.

"గోళీకాయేమోనండి," అంది.

తెర తొలగింది. అరచేతిలో మంచుముక్క సగం కరిగిపోయి ఉంది. నీరు మణికట్టు దాటి పాకి, బల్ల అంచు నుంచి బొట్టుబొట్టుగా రాలుతోంది.

వేణి ఏడవలేదు. పవిటచెంగుతో ఆ చేతిని తుడిచింది, పరాయివాళ్ళ చేతిని తుడిచినట్టు.

లొల్ల లాకులకు దిగువన, కాలువగట్టు మీద, పూతరేకులు తీసే పెద్ద పాక ఒకటి ఉంది. వరసగా పొయ్యిలు. పొయ్యి పొయ్యికీ బోర్లించిన నల్లని కుండ. కుండ కడుపులో ఎండు కొబ్బరాకుల మంట. పక్కన పళ్ళెంలో పాలకన్నా పలచని బియ్యప్పిండి. ఆ పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద పరచి ఒక్క లాగు లాగితే, రెప్ప వాల్చి ఎత్తేలోగా ఉల్లిపొర వంటి రేకు లేస్తుంది. ఆ లాగడంలోనే విద్యంతా ఉంది. కుండ ఎక్కువ కాగితే రేకు చిట్లుతుంది, తక్కువ కాగితే అంటుకుంటుంది. ఆ వేడిని కన్ను చూడలేదు, చెవి వినలేదు. తడిగుడ్డ చాటున అరచేయి ఒక్కటే పసిగడుతుంది.

ఆ పాకలో వేణి రేకులకు పేరుండేది. నిరుడు ఆషాఢంలో, పిండి రుబ్బే యంత్రం బెల్టు ఆమె పవిటను లాగింది, పవిట వెంట చేతిని లాగింది. ఆసుపత్రిలో ఎముక అతికించారు, నరాలు కలిపి కుట్టారు. గాయం మానింది. మానిన చెయ్యి మాత్రం ఇంటికి రాలేదు.

"మీ నరాలు మళ్ళీ పెరిగాయి, వేణిగారూ. వార్తలు తెస్తూనే ఉన్నాయి," అంది సువర్చల. "కానీ అవి చెప్పే భాష మీ మెదడు మరిచిపోయింది. నేర్పే చెయ్యి ఒకటి పక్కన ఉండాలి."

అని, సొరుగులోంచి రెండు తొడుగులు తీసింది. మోచేతి దాకా వచ్చే తొడుగులు, చేప పొలుసు మీది పొరలా పలచనివి, బూడిదరంగువి. ఒకటి వేణి కుడిచేతికి తొడిగింది. రెండోది తాను తొడుక్కుని, కరగగా మిగిలిన మంచుముక్కను తన అరచేతిలోకి తీసుకుంది.

వేణి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆమె చేతిలో ఏమీ లేదు. కానీ చల్లదనం ఉంది. సూది వంటి, నీటి వంటి, పుష్యమాసపు తెల్లవారు వంటి చల్లదనం. చాలాసేపు తన అరచేతినే చూస్తూ ఉండిపోయి, చివరకు మెల్లగా అడిగింది.

"మీ చూపుడువేలి గోరు విరిగిందాండి?"

సువర్చల నవ్వి, పొద్దున కారు తలుపులో పడి విరిగిందని ఒప్పుకుంది.

డాక్టరు ఆ తొడుగులకు స్పర్శవాహిని అని పేరుపెట్టుకుంది. ఒకరి చెయ్యి తాకిన తాకిడిని ఆరోగ్యంగా ఉన్న నరాల దగ్గరే పట్టుకుని, దెబ్బతిన్న చేతి నరాలకు వినిపించడం దాని పని. విని విని, గాయపడ్డ చెయ్యి మళ్ళీ మాటలు నేర్చుకుంటుందని ఆమె నమ్మకం. అయితే ప్రయోగశాలలో అది సాగలేదు. రబ్బరు బంతి నొక్కినా, కొయ్యమేకులు గుంటల్లో గుచ్చినా, వేణి చెయ్యి చుట్టమింట్లో కొత్త పెళ్ళికూతురిలా ముడుచుకునే ఉంది. కొన్ని వారాలు చూసి సువర్చల ఒక నిశ్చయానికి వచ్చింది. చెయ్యి పని మరిచిన చోటే పని నేర్చుకోవాలి. అదే పొయ్యి, అదే పొగ, అదే పిండి కావాలి. పక్కన కూర్చునేది డాక్టరు కాకూడదు. ఆ పనే ఏళ్ళ తరబడి చేసిన చెయ్యి కావాలి.

అటువంటి చెయ్యి ఎవరిదని అడిగితే వేణి తడబడింది. ఎవరిదో ఆమెకు తెలుసు.

మంగతాయి వేణికి తోడికోడలు. బావగారు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఒకే వాకిలి, ఒకే వంటిల్లు. వేణి భర్త నూకరాజు కాలువమీద సరుకుపడవ నడుపుతూ వారానికోసారి ఇల్లు చేరేవాడు గనుక, ఆ ఇల్లు ఇద్దరాడవాళ్ళదీ, వేణి కూతురు జాహ్నవిదీ. మంగతాయి నోరు కారం. కొత్తగా వచ్చినవాళ్ళ చేత మంటలేని చల్లకుండ మీద ఒట్టి నీళ్ళగుడ్డ లాగించడం ఆ పాక ఆచారం. వేణి కాపురానికి వచ్చినప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా అలా లాగించింది మంగతాయే. ఆ తర్వాత పొయ్యి ముట్టించి ఇచ్చింది కూడా మంగతాయే.

డాక్టరు కాలువగట్టు వెంట నడిచి పాకలోకి వచ్చి విషయం చెప్పినప్పుడు మంగతాయి పని ఆపలేదు. ముంచుతూ, పరుస్తూ, లాగుతూ, లేపుతూనే విన్నది.

"నా చెయ్యి దానికెట్టేసి, నేనేం పెట్టుకోవాలండి?"

"మీ చేతి నుంచి ఏమీ పోదు," అంది సువర్చల. "దీపంతో దీపం వెలిగించినట్టే."

"వెలిగించుకోండయితే. ఆరిందా, నూనె మీదే."

పాకంతా నవ్వింది. తొడుగులకు ఆ పాక తనదైన పేరు పెట్టింది. స్పర్శవాహిని నోరు తిరగక, మేజోడు అంది. పక్క పొయ్యి ఆదిలక్ష్మికి అది పండగయింది. మంగతాయొదినకు దురద పుడితే గోక్కునేది వేణా అనీ, వేణికి తిమ్మిరెక్కితే విదుల్చుకునేది మంగతాయొదినా అనీ ఆరా తీసేది. ఆదిలక్ష్మి నాలిక్కి కూడా ఒక మేజోడు కుట్టించమని మంగతాయి డాక్టరును అడిగింది.

మొదట మళ్ళీ చల్లకుండే. మంగతాయి తన వేడి కుండ దగ్గర, వేణి దాని పక్కనే చల్లకుండ దగ్గర. ముంచు, పరచు, లాగు, లేపు. మంగతాయి చెయ్యి చెబుతుంది, వేణి చెయ్యి వింటుంది. ముంచు, పరచు, లాగు, లేపు. మొదట్లో వేణికి పక్కచేతి వేడి ఒక చప్పుడులా తోచేది, గోడ అవతల ఎవరో రోకటిపోటు వేస్తున్నట్టు. క్రమంగా చప్పుడు మాటయింది. ఇది కుండ నడుమ, ఇది అంచు. ఇది గుడ్డ తడి, ఇది గుడ్డ ఆరిపోతున్న తడి. వారాలు గడిచాయి. ఒకనాడు తొడుగు లేకుండానే, చల్లకుండ మీద చెయ్యి ఆనించి, వేణి ఆగిపోయింది. కుండ చల్లగా ఉంది. ఎవరూ చెప్పకుండా, తనంత తానుగా, చల్లగా ఉంది.

ఆమె ఆ మాట అనగానే మంగతాయి మొహం పక్కకు తిప్పుకుంది. పొయ్యి ముట్టించడానికని కొబ్బరాకులు అందుకుని, పొగ కళ్ళలో పడిందని సణిగింది. మంట ఇంకా అంటుకోనే లేదు.

చెయ్యి పాకలో మాత్రమే బతకదు కదా అని, ఇంట్లో కూడా రోజూ కాసేపు తొడుగులు వేసుకోమంది సువర్చల. అప్పుడు వేణి ఎన్నడూ ఎరుగని లోకమొకటి తెరుచుకుంది. ఆమె పెరట్లో కూర్చుని ఉండగా, వంటింట్లో చింతపండు పిసుకుతున్న పులుపు జిగురు అరచేతికి అందేది. బియ్యం కడుగుతున్న చల్లని గలగల వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది.

ఒక ఉదయం ఆమె అరచేతిలోకి ఒక తల వచ్చింది.

చిన్న తల. వెచ్చని మాడు. కొబ్బరినూనె తడి. ముందుగది నుంచి మంగతాయి గొంతు వినబడుతోంది, కోతిపిల్లా కదలకు, ఇంకోసారి కదిలావంటే జడ కత్తిరించి కాలువలో పారేస్తానని జాహ్నవిని కేకలేస్తోంది. కానీ వేణి చేతిలో వేరే సంగతి జరుగుతోంది. ఆ అరచేయి పిల్ల తలమీద ఒక్క క్షణం ఊరకే నిలిచింది, పని ఏమీ లేకుండా. చెవి వెనుక వెంట్రుకను నొప్పి తెలియకుండా తప్పించింది. చిక్కు తగిలిన చోట దువ్వెనను ఆపి, వేలితో విడదీసింది. పాపిడి దగ్గర బొటనవేలు ఒక్కసారి, ఇంకొకసారి, అక్కరలేకపోయినా మరొకసారి నడిచింది.

నోటితో ఒక్క మంచిమాట అనని మనిషి చేతిలో ఇంత మాట ఉందా అని వేణి విస్తుపోయింది. కన్నతల్లి అయిన తాను ఆ తలను ఎన్నిసార్లు దువ్వలేదు? హడావిడిగా దువ్వింది, బడికి వేళయిందని దువ్వింది. ఇలా దువ్వడం తనకు చేతనవునా? పెరట్లో బొప్పాయిచెట్టు కింద కూర్చుని, తన కూతురు ఇంకొక అరచేతిలో ఎంత పదిలంగా ఉందో, తన అరచేతితో తెలుసుకుంది.

ఆ సంగతి మంగతాయికి చెప్పలేదు. చెబితే ఆ చెయ్యి సిగ్గుపడి ముడుచుకుంటుందని భయపడింది.

వానలు మొదలయ్యాయి. వేణి వేడికుండ దగ్గరకు జరిగింది. ఆమె తీసిన రేకులు సగం పలచగా, సగం మందంగా వచ్చేవి. ఎవరూ నవ్వలేదు. సగం పలచన అంటే సగం చెయ్యి ఇంటికొచ్చిందని ఆ పాకకు తెలుసు.

కానీ అదే రోజుల్లో మంగతాయి రేకులు చిక్కబడ్డాయి. పాకంతా బియ్యాన్ని అనుమానించింది. ఈసారి రేకులకు వాడే జయరకం బియ్యంలో కొత్తపంట కలిపి ఉంటారని తీర్మానించి, పాతబియ్యం తెప్పించారు. రేకు మందంగానే వచ్చింది. వానకు కొబ్బరాకు చెమ్మగిల్లిందని ఆకులు మార్చారు. తర్వాత కుండను అనుమానించి, కొత్తకుండకు నువ్వులనూనె పట్టించి, కాల్చి, పదును చేసి పెట్టారు. వేణి కూడా బియ్యాన్నే తిట్టింది. రేకు చెడితే బియ్యం చెడి ఉండాలి, ఆకు చెడి ఉండాలి, కుండ చెడి ఉండాలి. మంగతాయి చెయ్యి చెడుతుందనుకోవడం కాలువ లాకులెక్కి ఎగువకు పారుతుందనుకోవడం వంటిది. అందుచేత అది ఎవరికీ తట్టలేదు. మంగతాయి అందరితోపాటు తానూ బియ్యాన్ని తిట్టింది, పిండిలో కాసిని నీళ్ళు కలిపింది, మాటమార్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వేణి అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనె తీస్తోంది. తొడుగు చేతికే ఉంది. ఉన్నట్టుండి అరచేయి భగ్గుమంది.

చిక్కుళ్ళు చెల్లాచెదురయ్యాయి. చేతిలో నిప్పు లేదు, నీరు లేదు, ఏమీ లేదు. మంట మాత్రం ఎముక దాకా దిగుతోంది. ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

మంగతాయి పొయ్యి దగ్గర నిలబడి జాహ్నవికి ఏదో కథ చెబుతోంది. అట్లకాడ ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి కాలిన పెనం అంచు మీద ఆనించి ఉంది, కిటికీ చువ్వ మీద ఆనించినంత నిశ్చింతగా. తొడుగు అరచేతి కింద ముడుచుకుపోతోంది. సన్నగా పొగ లేస్తోంది. కథలో ఏనుగు నీళ్ళు తాగుతోంది.

వేణి ఆ చేతిని లాగేసింది. పక్కనున్న బిందెలో ముంచింది. ముంచిన తర్వాతగానీ మంగతాయి తన చేతివైపు చూడలేదు. చూసి, పక్కింటి పేరు మీద వచ్చిన కబురు పొరపాటున తనకు అందినట్టు, కాసేపు అర్థంకాక నిలబడింది.

"ఎప్పట్నించక్కా?" అంది వేణి.

"నీళ్ళు చల్లగున్నాయా? నీకు తెలుత్తుందా?"

"ఎప్పట్నించో చెప్పు."

"వానలు పడ్డ కాడ్నించి. ముందు చల్లన పోయింది. ఆనక వేడి. వేలికొసలున్నాయిలే ఇంకా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఆపేత్తారు గదే," అంది మంగతాయి, అదేదో పిల్లలకు కూడా తెలిసిన విషయమన్నట్టు.

మర్నాడు కాకినాడలో, అదే తెల్లని బల్ల, అదే గుడ్డతెర. ఈసారి తెర వెనుక కట్టుకట్టిన చెయ్యి మంగతాయిది. కట్టుకు పైన, మణికట్టు మీద సువర్చల మంచుముక్క పెట్టింది. మంగతాయి ఆలోచించి, ఇంకా ఏమీ పెట్టలేదు కదండీ అంది.

సువర్చల ఆ మంచుముక్కను పూర్తిగా కరిగేదాకా మణికట్టు మీదే పట్టుకుని ఉంది. ఇన్నాళ్ళూ ఆమె పరీక్షించింది వేణి చేతినే. ఏ వారం ఎంత తెలిసింది, ఎంత కదిలింది, ఎంత పెరిగింది అని తన ఆశనంతా ఆ ఒక్క చేతి మీదే పెట్టుకుంది. ఆరోగ్యంగా ఉన్న చేతిని పరీక్షించాలని ఆమెకు తోచలేదు. మెదడుకు ఒక లోభం ఉంది. ఒక చేతి వార్తలు ఎప్పుడూ వేరొకరి కోసమే వెళుతున్నాయని గ్రహిస్తే, వాటిని వినడం మానేస్తుంది. ఆ చేతికి కేటాయించిన చోటును వేరే పనులకు ఇచ్చేస్తుంది. మంగతాయి నరాలు చెక్కుచెదరలేదు, అందుకే పెనం వేడి వేణి దాకా చేరింది. వినవలసిన మెదడే తలుపు మూసుకుంది.

"నేను దీపమన్నాను," అంది సువర్చల. "దీపం కాదు. చెంబులో నీళ్ళు. ఒక చెంబు నిండాలంటే ఇంకోటి ఒంపాలి."

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఇప్పుడు ఆపితే మంగతాయి చెయ్యి తిరిగి రావచ్చు, ఎంతకాలానికో, ఎంతమేరకో చెప్పలేనంది. వేణి చెయ్యి ఇక్కడితో ఆగిపోతుంది. వేడి తెలుస్తుంది, బరువు తెలుస్తుంది, పట్టు ఉంటుంది. కానీ వేలికొసలు రావు. ఒంటరిగా రేకు తీయడం ఇక ఉండదు. ఇంకొన్ని నెలలు కొనసాగిస్తే వేణి చెయ్యి నిండుతుంది. మంగతాయిది పూర్తిగా పోతుంది.



"కానీయండి," అంది మంగతాయి. "ఆపకండి డాక్టరమ్మా. దీనికి బోలెడు బతుకుంది. పిల్లుంది. నా చెయ్యి చెయ్యాల్సిందంతా చేసేసింది, ఇంకెవరికి కావాలది?"

వేణి ఎన్నడూ మంగతాయి మాటకు ఎదురాడి ఎరుగదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ నోటికి తలవంచడమే అలవాటు. ఇప్పుడు లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆమె ముందు నేలమీద కూర్చుంది.

"జాహ్నవికి రోజూ జడేసేదెవరక్కా?"

"నేనే. అయితే?"

"దాని తలమీద చెయ్యేసి కాసేపు ఊరుకుంటావు. అప్పుడేటి తెలుత్తుందో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నాకు తెలిసింది." వేణి కట్టుకట్టిన ఆ చేతివైపు చూసింది. "ఇంక నీకు తెలవాలి. ఏమీ తెలీని చేత్తో నా కూతురికి జడెయ్యకు."

తన గుట్టు ఒకటి, మనిషికి మనిషికి మధ్య ఎప్పుడూ బయటపడకూడనిది, ఇన్నాళ్ళూ పెరటిచెట్టు కింద కూర్చున్న ఒకామె అరచేతిలో కనబడుతూనే ఉందని మంగతాయికి అప్పుడు తెలిసింది. చెవులదాకా ఎర్రబడింది. కట్టుకట్టిన చేతిని ఒడిలో దాచుకుంది.

వేణి తన తొడుగును మోచేతి నుంచి మెల్లగా ఒలిచింది. ఒలుస్తుంటే ఒక లోకం ఒలిచి పక్కనబెట్టినట్టే ఉంది. పులుపు పోయింది, బియ్యపు గలగల పోయింది. చేతిమీద తన గాలి మాత్రం మిగిలింది.

ఆ ప్రయోగశాల గుమ్మం బయట ఇంకా ఎందరో ఎదురుచూస్తున్నారు. తాడిచెట్టు మీంచి పడ్డ గీతకార్మికుడు, రంపం కింద రెండు వేళ్ళు పోయి, మిగిలినవి మొద్దుబారిన వడ్రంగి, చేపలు శుభ్రం చేసే ఫ్యాక్టరీలో నరం తెగిన అమ్మాయి. వాళ్ళకు సువర్చల తానే బయటకు వచ్చి చెప్పింది. ఇచ్చే చెయ్యి ఒట్టిపోకుండా నింపే దారి దొరికేదాకా ఈ తొడుగులు ఎవరికీ తొడగనంది. వడ్రంగి ఏమీ అనకుండా చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఆ మౌనం ఆమె వెంట చాలాకాలం నడిచింది.

కానీ ఆమె పాకకు రావడం మానలేదు. ఇన్నాళ్ళూ చేతిని పనికి తగ్గట్టు దిద్దాలని చూశాననీ, ఇప్పుడు పనిని చేతులకు తగ్గట్టు దిద్ది చూద్దామనీ అంది. ఎవరికి ఏమి మిగిలిందో అడిగి తెలుసుకుంది. వేణి అరచేతికి వేడి తెలుసు, గుడ్డ ఈడ్పు తెలుసు. వేలికొసలు శూన్యం, అందుకే లాగిన రేకును లేపబోతే చిరిగిపోతుంది. మంగతాయి అరచేయి కాలింది, మొద్దుబారింది. వేలికొసలకు మాత్రం ఇంకా ప్రాణముంది.

"ఇద్దరం ఒక కుండ దగ్గర కూచుంటే?" అంది వేణి.

పక్క పొయ్యిల దగ్గర గుడ్డలు లాగే చేతులు ఆగిపోయాయి. ఒకరి కుండ ఇంకొకరు ముట్టరు. అది అక్కడ తరతరాల కట్టుబాటు. కుండకు నూనె పట్టించిన చెయ్యి ఏదో ఆ చేతికే కుండ లొంగుతుందని, పరాయి చెయ్యి పడితే బీట తీస్తుందని నమ్మకం. ఆదిలక్ష్మి పరాచికాలు మానేసి, వద్దని మనసారా చెప్పింది. కుండ పగిలితే పాకకే మంచిది కాదంది.

"పగిలితే కుమ్మరోళ్ళు బతుకుతారు," అంది మంగతాయి. "జరుగు."

సువర్చల ఎదురెదురుగా రెండు పీటలు వేయించింది. వేణి మణికట్టు ఆనడానికి గుడ్డమెత్త కట్టిన ఒక కొయ్య ఆసరా చేయించి, అది పొయ్యి ఎత్తుకు సరిపడేదాకా వడ్రంగి చేత చెక్కించింది. ప్రయోగశాల ముందు మౌనంగా కూర్చున్న ఆ వడ్రంగి చేతే. అతడు రెండువేళ్ళు తక్కువైన చేత్తో, తిట్టుకుంటూ, మళ్ళీ మళ్ళీ చెక్కి తెచ్చాడు.

ముంచు, పరచు, లాగు వేణివి. లేపు మంగతాయిది. వినడానికి ఎంత సులువు. ఇద్దరి చేతుల నడుమ ఒక రెప్పపాటు కాలముంది. ఆ రెప్పపాటులో రేకులు వందలుగా పాడయ్యాయి. వేణి లాగడం ముగించకముందే మంగతాయి లేపేది. మంగతాయి లేపబోయే వేళకు రేకు మాడిపోయేది.

తప్పు నీదంటే నీదని తగువులాడుకున్నారు. ఒకరోజు అన్నం దగ్గర కూడా మాట్లాడుకోలేదు. జాహ్నవి మధ్యన కూర్చుని, అమ్మ పప్పు అడుగుతోంది పెద్దమ్మా, పెద్దమ్మ నెయ్యి ఇమ్మంటోంది అమ్మా అని రాయబారం నడిపింది.

తొడుగులున్నప్పుడు పక్కచెయ్యి ఏం చేస్తుందో వేణికి అడగకుండా తెలిసేది. ఇప్పుడు ఊహించాలి. మంగతాయి భుజం కదలిక చూడాలి, ఊపిరి వినాలి. యంత్రం చేసిన పనిని మనసు చేయాల్సి వచ్చింది. మనసు మందకొడిది, కానీ మరువనిది. వానలు వెనుకబట్టాయి. కాలువలో నీరు తేరుకుంది. కుండ బీట తీయలేదు. ఎప్పుడు కుదిరిందో ఇద్దరికీ తెలియదుగానీ, ఒకనాడు ఆదిలక్ష్మి తన పొయ్యి వదిలి వచ్చి, వాళ్ళు తీసిన రేకును వెలుతురుకు పట్టి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆదిలక్ష్మి ఏమీ అనకపోవడం అంతకుముందెన్నడూ జరగలేదు.

కార్తీకం వచ్చింది. ఉదయం పూట కాలువ మీద మంచు పొగలా కదులుతోంది. వేణి గుడ్డ ముంచింది, పరచింది, లాగింది. లాగిన గుడ్డ అంచు నుంచి, కాగిన పిండి బొట్టొకటి ఎగిరి మంగతాయి అరచేతిలో పడింది.

మంగతాయి చెయ్యి ఆగిపోయింది. రేకు లేపలేదు. కుండమీద రేకు ఎర్రబడుతోంది, మాడుతోంది, అంచులు చుట్టుకుపోతున్నాయి. ఎప్పుడూ రేకు మాడనివ్వని మనిషి, కన్నార్పకుండా తన అరచేతినే చూస్తోంది.

"ఏంటక్కా?"

మంగతాయి పెదవులు కదిలాయి. చిన్నపిల్లలు కొత్తమాట పలికి చూసుకున్నట్టు, మెల్లగా, తనకు తానే చెప్పుకున్నట్టు అంది.

"మండిందే."

వేణి తన చేతివైపు చూసుకుంది. అక్కడ ఏమీ లేదు. ఒకప్పుడు ఆ మంట ముందు తనకే తెలిసేది. ఇప్పుడు తెలియలేదు. అది పూర్తిగా, కేవలం, మంగతాయిది. ఆ సంతోషంలో సన్నని ఒంటరితనం ఒకటి ఆమె గుండెను తాకి వెళ్ళింది.

ఆమె కుండ మీదుగా వంగి, మంగతాయి చేతిని దగ్గరకు తీసుకుంది. ఎక్కడని అడిగింది. మంగతాయి చోటు చూపించింది, అరచేతి నడుమ, ఆవగింజంత ఎర్రన. కాలుతున్న పొయ్యి మీద మాడిన రేకు వాసన పాకంతా నిండుతుండగా, వేణి ఆ ఎర్రని చోటు మీద మెల్లగా, చల్లగా, చాలాసేపు ఊదింది.